చిన్న విమానానికి రెక్కలు తొడగడం, విప్పడం: చీపురుపల్లి గోదాములో మా అనుభవం

సొంతంగా కట్టుకున్న రెండు సీట్ల విమానానికి రెక్కలు తొడిగి, కొలతలు సరిచూసి, మళ్ళీ విప్పి వ్యానెక్కించి, ఇంకో షెడ్డులో తిరిగి తొడిగే పని ఆగస్టులో మొదలై డిసెంబరులో ముగిసింది. ప్లాన్ల పుస్తకంలో ఇదంతా ఒకటిన్నర పేజీ. "రెక్కను ఎత్తి పట్టుకుని బోల్టులు వేయండి" అని ఒక్క ముక్కలో తేల్చేసిన చోటే మాకు ఎక్కువ కాలం పట్టింది. ఎగరడానికి పౌర విమానయాన డైరెక్టరేట్ (డీజీసీఏ) నుంచి కావలసిన అనుమతుల సంగతి ఇక్కడ రాయడం లేదు. రెక్క, బోల్టు, వాటికి పట్టిన కాలం, అయిన ఖర్చు, అంతవరకే.

ముందు విమానం లెక్కలు చెప్పాలి, లేకపోతే తర్వాతి అంకెలు అర్థం కావు. మొత్తం అల్యూమినియం. రెక్కలు క్యాబిన్ పైన ఉంటాయి, ఒక్కోదాని కింద వీ ఆకారంలో రెండు స్ట్రట్లు, అంటే రెక్కను కింది నుంచి మోసే ఏటవాలు గొట్టాలు. ఒక్కో రెక్క పొడవు 4.3 మీటర్లు, వెడల్పు 1.4 మీటర్లు, పెట్రోలు లేకుండా బరువు 29 కిలోలు. రెక్క లోపల పొడవునా ఉండే రెండు దూలాలే స్పార్లు. ముందు స్పార్‌కూ వెనక స్పార్‌కూ మధ్య దూరం 700 మి.మీ. రెక్క మొదట్లో, అంటే విమానానికి ఆనే చోట, ముందు స్పార్‌కు ఒక 3/8 అంగుళం బోల్టు, వెనక స్పార్‌కు ఒక 5/16 అంగుళం బోల్టు. ముందు స్ట్రట్‌కు రెండు కొసలా 3/8, వెనక స్ట్రట్‌కు రెండు కొసలా 5/16. రెక్కకు ఆరు చొప్పున మొత్తం పన్నెండు బోల్టులు. ఇద్దరు మనుషులు మోయగల బరువే అయినా మోయడం తేలిక కాదు. రేకు పల్చన. రేకు కింద అడ్డంగా ఉండే పక్కటెముకల (రిబ్బుల) మీద కాకుండా మధ్యలో చెయ్యి ఆనితే సొట్టపడుతుంది.

బోల్టులకు ఆగస్టు మొదటి వారంలో ఆర్డరు పెట్టాం. విమానాలకు వాడే ఏఎన్ బోల్టులు విజయనగరంలోనూ విశాఖలోనూ మాకు ఏ దుకాణంలోనూ దొరకలేదు, బయటి దేశం నుంచి తెప్పించాల్సిందే. బోల్టులు, నట్లు, వాషర్లు, స్ప్లిట్ పిన్నులు కలిపి 9,000 రూపాయలయితే, కొరియరు, కస్టమ్స్ సుంకం కలిపి 11,000 అయింది. ఐదు వారాలు పట్టింది. తీరా పెట్టె విప్పితే 3/8 బోల్టులన్నీ వేరే రకం. ఏఎన్6-20 అంటే మర చివర స్ప్లిట్ పిన్ను కోసం సన్నని రంధ్రం ఉన్న బోల్టు. ఏఎన్6-20ఏ అంటే అదే పొడవు, అదే లోహం, కానీ రంధ్రం లేదు. ఆ చివరి "ఏ" అక్షరం ఉన్నవి పంపారు. స్ట్రట్ జాయింట్లలో బోల్టు కొద్దిగా తిరిగే అవకాశం ఉంటుంది. అలాంటి చోట నైలాన్ నట్టును నమ్మకూడదు, గాళ్ళున్న క్యాజిల్ నట్టు వేసి స్ప్లిట్ పిన్ను గుచ్చాలి. రంధ్రం మనమే వేసుకుందామంటే ఆ ఉక్కు గట్టిది, పైగా కాడ్మియం పూత పోయి అక్కడి నుంచే తుప్పు మొదలవుతుంది. ఈ జిల్లాల ఉప్పుగాలికి పూత లేని ఉక్కు ఒక్క వానాకాలం కూడా ఆగదు. మార్చి పంపడానికి ఇంకో నాలుగు వారాలు. కాబట్టి పెట్టె రాగానే ముందు చూడవలసింది బోల్టు తల మీద గుర్తు, ఆ తర్వాత మర చివర రంధ్రం. ప్రతి సైజులో రెండేసి అదనంగా తెప్పించుకోండి. రెండు బోల్టులు ఎక్కువైనా కొరియరు ఖర్చు ఒకటే.

ఈ నాలుగు వారాల్లో చాలామంది ఇచ్చిన సలహా, ఎనిమిది మి.మీ. బోల్టు వేసి పని కానివ్వమని. 5/16 అంగుళం అంటే 7.94 మి.మీ. ఎం8 బోల్టు మొండెం ఒక్కోసారి దానికన్నా సన్నగా ఉంటుంది, ఒక్కోసారి నిండా 8 ఉంటుంది. సుత్తితో కొడితే దిగుతుంది. రంధ్రాన్ని గీసుకుంటూ దిగుతుంది. లాగుడు బలంలో తేడా పెద్దదేం కాదు, 8.8 గ్రేడు బోల్టుది 800 మెగాపాస్కళ్ళు, ఏఎన్ బోల్టుది 860. అసలు తేడా కొలతలో, మర లేని నున్నటి భాగం పొడవులో ఉంది. బజారులో దొరికే చిన్న బోల్టులకు చాలావాటికి తల దాకా మర ఉంటుంది. ఆ మర పదునైన అంచు ఫిట్టింగు (రెక్కను పట్టే లోహపు ముక్క) రంధ్రానికి ఆనుకుని ప్రతి ఊపుకూ కొంచెం కొంచెంగా కొరుకుతుంది. ఏఎన్ బోల్టులో నున్నటి భాగం జాయింటు మందమంతా ఉండి, మర బయటికి వచ్చాకే మొదలవ్వాలి.

తాత్కాలికంగా పెట్టడానికి మాత్రం వేరే దారి ఉంది, అది ముందే చేసుకోవాలి. విజయనగరంలో ఒక లేత్ షాపులో బ్రైట్ బారుతో (నున్నటి ఉక్కు కడ్డీతో) పిన్నులు తీయించాం. కొన్ని 9.4 మి.మీ., కొన్ని 7.8 మి.మీ. ముందు 25 మి.మీ. మేర మొన తేల్చి, వెనక్కి లాగడానికి అడ్డంగా చిన్న కడ్డీ పెట్టించాం. మొత్తం 1,600 రూపాయలు. అసలు బోల్టు కన్నా ఈ పిన్ను వెంట్రుకవాసి సన్నం కాబట్టి రంధ్రాన్ని ముట్టకుండా దిగుతుంది. మొన తేలి ఉంటుంది కాబట్టి రంధ్రాలు ఒకటి రెండు మి.మీ. తప్పినా దారి పట్టుకుంటుంది. సర్దుబాటంతా పిన్నుల మీద చేసి, ఆఖర్న ఒక్కో పిన్ను తీసి దాని చోట బోల్టు వేయాలి. బోల్టులు చేతికి రాకముందే మేం పని మొదలుపెట్టగలిగింది ఈ పిన్నుల వల్లే. ఈ మొత్తం వ్యవహారంలో పెట్టిన డబ్బుకు ఇంతకన్నా ఎక్కువ పనిచేసిన వస్తువు ఇంకోటి లేదు.

చోటు దొరకడం తర్వాతి చిక్కు. రెండు రెక్కలూ తొడిగితే ఈ కొస నుంచి ఆ కొసకు 9.7 మీటర్లు. విమానం కట్టిన షెడ్డు వెడల్పు ఐదు మీటర్లు. చీపురుపల్లి దగ్గర ఒక రైస్ మిల్లు గోదాము, ఖరీఫ్ ధాన్యం రాకముందు ఖాళీగా ఉండేది, నెలకు 10,000కు ఇచ్చారు. షరతు ఒక్కటే, నవంబరు 20కల్లా ఖాళీ చేయాలి. తలుపు వెడల్పు 3.6 మీటర్లు. అంటే రెక్కలు తొడిగిన విమానం బయటికి రాదు, లోపలే తొడిగి లోపలే విప్పాలి. సెప్టెంబరు మూడో వారంలో చేర్చాం.

మిల్లు గోదాములో రెండు సంగతులు ముందే చూసుకోవాలి. ఒకటి ఊక దుమ్ము. వరి ఊకలో సిలికా ఎక్కువ. కంట్రోలు రాడ్ల కొసల్లో ఉండే రాడ్ ఎండు బేరింగుల్లోకి, ఫిట్టింగు రంధ్రాల్లోకి చేరితే గరుకు కాగితం పెట్టి రుద్దినట్టే అరుగుతాయి. తెరిచి ఉన్న ప్రతి రంధ్రానికీ టేపు వేసి, బోల్టు వేసే ముందు గుడ్డతో తుడిచి, టార్చి వేసి చూశాకే వేశాం. రెండోది ఎలుకలు. రెక్క మొదట్లో పక్కటెముకకు బరువు తగ్గించడానికి వదిలిన గుండ్రటి కంతలుంటాయి, చేయి దూరేటంత. ఒక్క రాత్రి వదిలితే చాలు, లోపల గూడు కట్టి వైర్లు కొరికేస్తాయి. అల్యూమినియం దోమ జాలీ కత్తిరించి కంతలకు బిగించాం. గాలి వేగం కొలిచే పిటాట్ గొట్టం మూతికి, పెట్రోలు ట్యాంకు గాలి గొట్టానికి ఎర్ర గుడ్డ కట్టాం. మట్టి గూడు కట్టే కందిరీగలకు సరిగ్గా ఆ సైజు గొట్టాలే కావాలి.

రెక్క ఎత్తడానికి నలుగురు, బోల్టు వేసేవాడు ఒకడు. చీపురుపల్లి నుంచి మిల్లుకు బస్తాలు మోసే కలాసీలు ముగ్గురు, వాళ్ళ మేస్త్రీ వచ్చారు, రోజుకు 800 చొప్పున. బరువు ఎత్తడం వాళ్ళకు లెక్కే కాదు. కష్టమల్లా ఎత్తి కదలకుండా నిలబడడం. చక్రాలకు ముందూ వెనకా చెక్కలు వేసి, తోక కింద స్టాండు పెట్టి, రెండు వైపులా స్ట్రట్లు బిగించే చోట్ల కింద కూడా స్టాండ్లు పెట్టాం. ఒక రెక్కే తగిలించినప్పుడు విమానం ఆ పక్కకు ఒరుగుతుంది. చక్రాల మధ్య దూరం తక్కువ ఉన్న విమానాల్లో ఇది ప్రమాదం, రెండు పక్కలా ఆన్చి పెట్టాల్సిందే.

మనుషుల్ని ఎక్కడ నిలబెట్టాలన్నది ఇలా తేలింది. ఒకరు రెక్క మొదట్లో ముందంచు దగ్గర, ఒకరు మొదట్లో వెనకంచు దగ్గర, ఇద్దరు చివర్లో ముందొకరు వెనకొకరు. మధ్యలో స్ట్రట్ పడే చోట పరుపు ముక్క కట్టిన గుర్రపు బల్ల. చేతులు పక్కటెముకల మీదే పడేలా నీలం టేపుతో గుర్తులు పెట్టాం. వెనకంచును పట్టుకుని ఎత్తకూడదు, దాని రేకు అన్నిటికన్నా పల్చన.

మొదటి రెక్క లేచినప్పుడు గుండె గొంతులో కొట్టుకుంది. రెండేళ్ళ పని నలుగురి అరచేతుల మీద ఉంది. ముందు స్పార్ పిన్ను తేలిగ్గానే దిగింది. వెనకది దిగలేదు. విమానం వైపున్న రెండు చెవుల ఫోర్కు మధ్యకు స్పార్ ఫిట్టింగు వెళ్ళింది కానీ రంధ్రంలోంచి చూస్తే వెలుతురు నిండు చందమామలా కాకుండా సన్నని వంకలా కనబడుతోంది. ఇక్కడే అందరికీ సుత్తి మీదికి చెయ్యి పోతుంది. లెక్క చూస్తే సుత్తితో పని లేదని తెలుస్తుంది. ముందు పిన్ను ఇరుసు. దానికి 4.3 మీటర్ల దూరంలో రెక్క చివర 10 మి.మీ. ముందుకో వెనక్కో జరిగితే, 700 మి.మీ. దూరంలో ఉన్న వెనక రంధ్రం 1.6 మి.మీ. పక్కకు పోతుంది. అదే చివర వెనకంచును పైకీ కిందికీ తిప్పితే వెనక రంధ్రం పైకీ కిందికీ పోతుంది. మొదట్లో నిలబడ్డవాడు ఎంత నెట్టినా ఆ రంధ్రం ఉన్నచోటుకు రాదు. దాన్ని నడిపించేది చివర్లో ఉన్నవాళ్ళే.

కాబట్టి మాట్లాడేది ఒక్కరే అయ్యుండాలి, రంధ్రంలోకి చూస్తున్నవాడు. మాటలు కూడా ముందే అనుకున్నాం: "చివర ముందుకు", "చివర వెనక్కి", "వెనకంచు పైకి", "ఆపు". నలుగురూ తలో సలహా ఇస్తే రెక్క ఊగుతూనే ఉంటుంది. మేస్త్రీకి ఈ సంగతి మాకన్నా ముందే తెలిసిపోయింది. తన మనుషుల మీద ఒక్క అరుపు అరిచాడు: "ఏటలా ఊపేస్తన్నారు! బాబు సెప్పిందాకా కదలకండి. సివర కూసింత ఎనక్కి... ఆ, ఇప్పుడు ఎల్తాది సూడండి." వెళ్ళింది. రెండు వేళ్ళతో తోస్తే పిన్ను లోపలికి జారింది. ఆ క్షణంలో కలిగిన ఊరట ఇంతని చెప్పలేను. ఆ తర్వాత పన్నెండు బోల్టులకూ అదే కొలబద్ద పెట్టుకున్నాం: వేళ్ళతో దిగకపోతే రెక్క స్థానం తప్పు, బోల్టు తప్పు కాదు.

దీనికి ఒక మినహాయింపు తగిలింది. కుడి రెక్క వెనక ఫోర్కులో వెలుతురు నిండుగా కనబడుతున్నా పిన్ను సగంలో ఆగింది. తీసి వేలు పెట్టి చూస్తే చెవి లోపలి అంచున డ్రిల్ చేసినప్పటి పొక్కు, గోటికి తగిలేంత. సన్నటి గుండ్రాకురాయితో ఆ అంచు మాత్రం నిమిరితే సరిపోయింది. రంధ్రం లోపల ఏదీ తిప్పకూడదు. రంధ్రాన్ని పెద్దది చేసే రీమరు ఒక్కసారి అనవసరంగా తిరిగిందంటే పై సైజు బోల్టు వెతుక్కోవాలి.

స్ట్రట్లకు కూడా పిన్నులు వేశాక సర్దుబాటు. ఇది తెల్లవారుజామున చేయాలి. గోదాము రేకుల కప్పు కింద తొమ్మిదింటికే ఉక్క మొదలవుతుంది. అల్యూమినియం మీటరుకు డిగ్రీకి 0.023 మి.మీ. సాగుతుంది. 4.3 మీటర్ల రెక్క పది డిగ్రీలకు ఒక మి.మీ. పెరుగుతుంది. రెండు రెక్కలూ సమానంగా పెరిగితే బాధ లేదు, తూర్పు కిటికీ వైపు రెక్క ముందు వేడెక్కుతుంది. ఆరు నుంచి ఎనిమిది దాకానే కొలతలు తీసుకున్నాం.

మొదట విమానం మొండేన్ని అడ్డంగా నిలువుగా మట్టం చేయాలి. చక్రాల కింద పల్చటి ప్లైవుడ్ ముక్కలు వేసి క్యాబిన్ గట్ల మీద రసమట్టం పెట్టి చూశాం. తర్వాత రెక్కల ఎత్తు వాలు. ప్లాన్ ప్రకారం ఒక డిగ్రీ, అంటే 4.3 మీటర్లకు చివర 75 మి.మీ. పైకి ఉండాలి. ఖరీదైన లేజరు ఏదీ వాడలేదు. తాపీ మేస్త్రీలు పునాదికి వాడే నీళ్ళ గొట్టమే ఇంత వెడల్పుకు అన్నిటికన్నా నమ్మకం. గొట్టంలో గాలి బుడగ ఒక్కటి ఉన్నా కొలత తప్పుతుంది. కాస్త నీలిమందు కలిపి, ఒక కొస నుంచి నింపి, రెండు కొసలనూ పక్కపక్కన పట్టుకుని మట్టం కలిసిందో లేదో చూశాకే కొలవాలి. ఎడమ 76, కుడి 74 వచ్చింది. చాలు.

తర్వాత రెక్కలు ముందుకో వెనక్కో వంగి ఉన్నాయేమో చూడాలి. తోక చివర మధ్య రివెట్టు నుంచి రెండు రెక్కల కొసలకూ స్టీలు టేపుతో కొలిచాం. టేపు రెండు వైపులా ఒకే బిగువుతో లాగాలి, అందుకు చేపలు తూచే స్ప్రింగు కాటా కొక్కెం తగిలించి రెండుసార్లూ అదే గీత దాకా లాగాం. తేడా 4 మి.మీ. వచ్చింది. ముందంచు నుంచి గుండు వేలాడదీసి కూడా చూడొచ్చు. గుండు ఊగకుండా నీళ్ళ బకెట్లో ముంచాలి.

ఎక్కువ సేపు తిన్నది మెలిక. రెక్క మొదట్లో ఉన్న కోణం కన్నా చివర్లో రెండు డిగ్రీలు తక్కువ ఉండాలి. వేగం పడిపోయినప్పుడు రెక్క మొదలు ముందు పట్టు వదలాలి, చివర ఆఖర్న వదలాలి. అప్పుడే రెక్క చివర్లో ఉండి విమానాన్ని పక్కకు వాల్చే ఎయిలరాన్లు పనిచేస్తూ ఉంటాయి. రెండు రెక్కల మెలికలో తేడా ఉంటే విమానం ఎప్పుడూ ఒక పక్కకు వాలుతూ పోతుంది, అందుకే ఇక్కడ తొందర పడకూడదు. మెలికను మార్చేది వెనక స్ట్రట్ కొసన మర ఉన్న ఫోర్కు. అంగుళానికి 24 మరలు, అంటే ఒక చుట్టుకు 1.06 మి.మీ. ఫోర్కును సగం సగం చుట్లుగానే తిప్పగలం, ఎందుకంటే చెవులు మళ్ళీ అదే తలంలోకి రావాలి. సగం చుట్టుకు స్ట్రట్ పొడవు అర మి.మీ. మారుతుంది. మా స్ట్రట్ వాలుకు అది స్పార్ దగ్గర 1.3 మి.మీ. ఎత్తు అవుతుంది, కోణంలో డిగ్రీలో పదో వంతు. స్ట్రట్ పొడవు పెంచితే వెనక స్పార్ లేచి మెలిక పెరుగుతుంది, తగ్గిస్తే తగ్గుతుంది. ప్రతి సగం చుట్టుకూ స్ట్రట్ పిన్ను తీయాలి, ఫోర్కు తిప్పాలి, మళ్ళీ వేయాలి, మళ్ళీ కొలవాలి. చివర్లో ఒక మనిషి రెక్కను మోస్తూనే ఉండాలి. విసుగు పుట్టే పని, కానీ తోసుకుపోతే కుదరదు. ఎడమ 2.1, కుడి 2.0 దగ్గర ఆపాం.

ఫోర్కు మర లోపల ఎంత ఉందో కూడా చూడాలి. స్ట్రట్ గొట్టానికి చిన్న కంత ఉంటుంది. అందులో సన్నటి తీగ పెడితే మరకు తగిలి ఆగాలి. తీగ అవతలికి దూరిపోతే మర చాలినంత లోపల లేనట్టే. కోణం ఎంత బాగా కుదిరినా ఆ స్థితిలో వదలకూడదు.

డిజిటల్ కోణమాపకం 0.1 డిగ్రీ చూపిస్తుంది గానీ దాని మాట అంత నమ్మదగింది కాదు. ఒకసారి కొలిచి, దాన్ని అటూ ఇటూ తిప్పి మళ్ళీ కొలిచి, రెండింటి సగటు తీసుకోవాలి.

అక్టోబరు రెండో వారంలో సరైన బోల్టులు వచ్చాయి. పిన్నుల్ని ఒక్కొక్కటే తీసి బోల్టు వేశాం. రెండు పిన్నులు ఒకేసారి తీయకూడదు. బోల్టు తల ముందు వైపు లేదా పై వైపు ఉండాలి, నట్టు ఊడినా బోల్టు చోటులోనే ఉండేలా. బోల్టు మొండేనికి పల్చగా గ్రీజు పూశాం, మరకు మాత్రం పూయలేదు. బిగింపు పట్టికలన్నీ పొడి మరకు రాసినవే, నూనె అంటితే అదే బిగింపుకు బోల్టు ఎక్కువ సాగుతుంది.

బిగింపు ఎంతో కొలిచే టార్క్ రెంచి దగ్గర ఒక ఊహించని ఇబ్బంది వచ్చింది. మెకానిక్ షెడ్లలో ఉండే పెద్ద రెంచి 28 న్యూటన్ మీటర్ల నుంచి మొదలవుతుంది. మాకు కావలసింది అంతకన్నా చాలా తక్కువ. మామూలు లాగుడు నట్టుకు 5/16 సైజులో 100 నుంచి 140 అంగుళం పౌండ్లు, అంటే 11.3 నుంచి 15.8 న్యూటన్ మీటర్లు. ఫోర్కు జాయింట్లలో వేసే పల్చటి షియర్ నట్టుకు 60 నుంచి 85 మాత్రమే, 3/8కి 95 నుంచి 110. ఎక్కువ బిగిస్తే ఫోర్కు చెవులు లోపలికి వంగి అక్కడే పగులు పుడుతుంది. 5 నుంచి 25 న్యూటన్ మీటర్ల చిన్న రెంచి 4,200 పెట్టి కొన్నాం. క్యాజిల్ నట్టును కింది అంకె దాకా బిగించి, గాడి రంధ్రానికి ఎదురుగా వచ్చేదాకా పై అంకె దాటకుండా తిప్పాలి. అప్పటికీ కలవకపోతే నట్టును వెనక్కి తిప్పి వదలకూడదు, వాషరు మార్చాలి. పల్చటి వాషర్లు చాలా పడతాయి, రెండింతలు తెప్పించుకోండి. బిగించిన ప్రతి నట్టుకూ బోల్టుకూ కలిపి ఎర్ర గోళ్ళ రంగుతో ఒక గీత గీశాం. గీత విరిగిందంటే నట్టు కదిలిందని దూరం నుంచే తెలుస్తుంది.

కంట్రోళ్ళు, వైర్లు, పెట్రోలు గొట్టం కలపడం ఒక పూటలో అయిపోయింది. ఒక్కటి మాత్రం వదలకుండా చెప్పాలి. స్టిక్ (విమానం నడిపే కర్ర) ఎడమకు వంచితే ఎడమ ఎయిలరాన్ పైకి లేవాలి, కుడిది కిందికి దిగాలి. ఇది కలిపినవాడు కాకుండా ఇంకొకరు చూడాలి, నోటితో పైకి చెప్పాలి. రాడ్ ఎండు బోల్టుకు పెద్ద వాషరు తప్పనిసరి. బేరింగు గుండు ఊడిపోయినా రాడ్డు బోల్టు మీద నుంచి జారిపోకుండా అదే ఆపుతుంది.

నవంబరు 17న విప్పడం మొదలుపెట్టాం. ఒక్కో ట్యాంకులో పరీక్షకు పోసిన పెట్రోలు 20 లీటర్లుంది, అంటే 14 కిలోలకు పైనే. అది ముందు తీయాలి. నిప్పురవ్వ పుట్టకుండా డబ్బానూ విమానాన్నీ తీగతో కలిపి, గోదాములో మోటార్లన్నీ ఆపించి, తలుపు తెరిచి పెట్టి తీశాం. గొట్టాల కొసలకు మూతలు, ప్రతి వైరుకూ గొట్టానికీ రెండు వైపులా ఒకే అంకె ఉన్న టేపు. తర్వాత ఎయిలరాన్ రాడ్డు, ఫ్లాప్ రాడ్డు, పిటాట్ గొట్టం, లైట్ల వైర్లు. ఒక్క వైరు మరిచినా రెక్క దించేటప్పుడు అది తెగుతుంది, కాబట్టి స్ట్రట్ ముట్టుకునే ముందు మొదట్లో ఉన్న సందు చుట్టూ చెయ్యి పెట్టి తడిమి చూసుకోవాలి.

విప్పే వరుస తొడిగిన వరుసకు తలకిందులు, కానీ అనుభవం వేరు. తొడిగేటప్పుడు పిన్నులో బరువు ఉండదు, విప్పేటప్పుడు ప్రతి బోల్టూ బరువు మోస్తూ ఉంటుంది. చివర్లో మనుషులు నిలబడి రెక్క బరువు చేతుల్లోకి తీసుకున్నాకే స్ట్రట్ కింది బోల్టు నట్టు తీయాలి. బోల్టు తల పట్టుకుని తిప్పి చూడాలి. తిరగకపోతే "చివర పైకి ఒక వేలెడు", మళ్ళీ తిప్పి చూడాలి. బరువు సరిగ్గా తీరిన చోట బోల్టు దానంతటదే వదులవుతుంది. స్ట్రట్లను రెక్క వైపు ఊడదీయలేదు, పాత గోనె పరిచి రెక్క కిందికే మడిచి కట్టాం. వెనక ఫోర్కు తిప్పినవన్నీ అలాగే ఉండడానికి ఇదే మంచి పద్ధతి. తర్వాత వెనక స్పార్ బోల్టు, చిట్టచివర ముందు స్పార్ బోల్టు. ముందుది తీసే ముందు మొదట్లో ఉన్న ఇద్దరూ బరువు పట్టుకున్నామని నోటితో చెప్పాలి. తలుపు బందు సీల లాగేటప్పుడు తలుపును ఒకరు పట్టుకుంటారు కదా, ఇదీ అంతే. ఒక రెక్క దించడానికి అరగంట చాలింది. దించిన వెంటనే రెండో వైపు స్టాండు మీదికి విమానం మెల్లగా వాలింది. అందుకే ఆ స్టాండు.

వ్యాను గురించి. టాటా ఏస్ బల్ల పొడవు 4.3 మీటర్లకు సగమే. 14 అడుగుల డీసీఎం అంటే 4.27 మీటర్లు, మూడు సెంటీమీటర్లు తక్కువ! 17 అడుగుల వ్యాను మాట్లాడాం, రెండు ట్రిప్పులకు 9,500. రెక్కల్ని పడుకోబెట్టకుండా ముందంచు మీద నిలబెట్టాలి. ముందంచు గుండ్రం ప్రకారం కోసిన థర్మోకోల్ గాడులు, మీద గోనె, రెండు పక్కటెముకల దగ్గర వెడల్పాటి పట్టీలు. సన్న తాడు వాడితే రేకులో గాడి పడుతుంది. పట్టీ ఎక్కువ లాగినా అంతే. చీపురుపల్లి నుంచి లావేరు మీదుగా రణస్థలం వైపు వెళ్ళే దారిలో స్పీడు బ్రేకర్లు చాలా ఉన్నాయి. డ్రైవరుకు గంటకు 30 దాటొద్దని చెప్పి, వెనకే బండి మీద వెళ్ళాం. దిగాక చూస్తే కుడి రెక్క ముందంచులో రూపాయి బిళ్ళంత పల్చటి సొట్ట. థర్మోకోల్ అక్కడ కుంగింది. గట్టి రబ్బరు నురుగు పెట్టి ఉంటే పడేది కాదేమో.

డిసెంబరు రెండో వారంలో కొత్త షెడ్డులో తిరిగి తొడిగాం. కలాసీలు అదే జట్టు. ఈసారి ఒక్కో రెక్క ముప్పావు గంటలో ఎక్కింది. నైలాన్ నట్లను వేళ్ళతో తిప్పి చూశాం. మళ్ళీ వాడాలంటే 5/16 నట్టు కనీసం 6.5 అంగుళం పౌండ్ల పట్టు చూపించాలి. మేం ఆ పరీక్ష పెట్టుకోకుండా అన్నీ కొత్తవే వేశాం, నట్టుకు 60 రూపాయలు. స్ప్లిట్ పిన్ను ఎప్పుడూ రెండోసారి వాడకూడదు. కొలతలు మళ్ళీ తీస్తే ఎత్తు వాలు 76, 75. మెలిక రెండు వైపులా 2.0. తోక నుంచి కొసలకు తేడా 4 మి.మీ. అలాగే ఉంది. పెట్రోలు పోసి రాత్రంతా వదిలి, పొద్దున జాయింట్ల కింద పరిచిన అట్ట ముక్కలు చూశాం. ఎడమ వైపు ఒక క్లిప్పు దగ్గర తడి కనబడింది, క్లిప్పు మార్చాం.

గోదాము అద్దె, కూలీ, బోల్టులు, రెంచి, పిన్నులు, వ్యాను అన్నీ కలిపి 72,000 దాటింది. జనవరిలో బరువు తూచాలి. ఒక్కో చక్రం కింద ఒకటి చొప్పున మూడు కాటాలు ఒకేసారి కావాలి, శ్రీకాకుళంలో అద్దెకు ఇచ్చేవాళ్ళ కోసం అడుగుతున్నాం.